శని, ఆదివారాలు నాన్నతో: తిరుపతి, చిత్తూరు షికార్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ శుక్రవారం రాత్రి బస్సెక్కి ఇంటికొచ్చే వాళ్ళు అడిగే ప్రశ్నలే ఇందులో ఎక్కువ. ఊళ్ళోనే ఉంటూ కూడా నాన్నతో తీరిగ్గా ఒక పూట గడపలేకపోతున్న వాళ్ళకూ పనికొస్తాయి.

నాన్నను ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?

ఈ ప్రశ్నను కొంచెం తిప్పి ఆయన్నే అడగండి. "నాన్నా, ఈ ఆదివారం నన్నెక్కడికి తీసుకెళ్తావు?" అనండి. అరవై దాటిన మన నాన్నల్లో చాలామందికి ఇంకొకరు తీసుకెళ్తే వెళ్ళడం అలవాటు లేదు. ఇన్నేళ్ళూ టికెట్లు కొన్నది, సీటుకు కర్చీఫ్ వేసింది, సంచులు లెక్కపెట్టింది, గుళ్ళో పిల్లల్ని భుజానికెత్తుకుంది ఆయనే. ఇప్పుడు ఉన్నట్టుండి వెనక సీట్లో కూర్చోబెట్టి, నీళ్ళ బాటిల్ చేతికిచ్చి, "నువ్వేం పట్టించుకోవద్దు" అంటే రిటైర్మెంట్ ఆర్డరు రెండోసారి చేతికిచ్చినట్టు ఉంటుంది. మీరు ప్రేమతోనే అని ఉంటారు, కానీ ఆయనకు అక్కడ చేసేదేమీ మిగలదు.

కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒక పని ఆయనకు అప్పగించండి. దారి చెప్పడం, టెంకాయల బేరం, మామిడికాయలు ఏరడం, మనవళ్ళకు కథ చెప్పడం, ఏదైనా సరే. కింది జవాబుల్లో చాలావరకు ఈ మాట చుట్టూ తిరిగేవే.

"ఎందుకు రా ఈ ఎండలో, ఇంట్లోనే ఉందాం" అంటారు. ఎలా ఒప్పించాలి?

మా వైపు నాన్నలు "షికారు" అంటే కదలరు, "పని" అంటే చెప్పులేసుకుంటారు. అమ్మకు కలంకారీ చీర చూడాలి, రంగు అసలుదో కాదో నాకు తెలీదు అనండి, శ్రీకాళహస్తికి బయల్దేరతారు. పచ్చడికి మామిడికాయలు కావాలి అనండి, చిత్తూరు దాకా వస్తారు. ఊళ్ళో పొలం గట్టు ఎవరో జరిపారట అంటే ఇక చెప్పక్కర్లేదు, మీకంటే ముందే గేటు దగ్గరుంటారు.

ఇంకోటి. శుక్రవారం రాత్రి "రేపు పొద్దున ఐదింటికి బయల్దేరాలి" అని చెప్పకండి. బుధవారమో గురువారమో ఫోన్లో ఒక మాట వేసి ఉంచండి. చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం, పక్కింటాయనకు "మావాడొస్తున్నాడు, బయటికి పోతున్నాం" అని చెప్పుకోవడం కూడా ఆ షికారులో భాగమే.

తిరుపతిలో సగం రోజే టైముంది. ఏం చూడొచ్చు?

ఒక్కటే చూడండి. కపిలతీర్థం, చంద్రగిరి, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం అన్నీ ఒకే పూటలో చుట్టేద్దామని బయల్దేరితే చెప్పులు విప్పడం, వేసుకోవడం తప్ప ఏమీ గుర్తుండదు.

పొద్దున్నే అయితే కపిలతీర్థం. వానలు పడ్డాక కొండ మీంచి నీళ్ళు కోనేట్లోకి దూకుతుంటే చూడాలి. కార్తీక మాసంలో మాత్రం జనం బాగా ఉంటారు.

సాయంత్రం అయితే నా ఓటు చంద్రగిరి కోటకు. ఊరి నుంచి 15 కిలోమీటర్ల లోపే. రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారనీ, కలప వాడలేదనీ చెబుతారు. నాన్న ఎప్పుడైనా ఇల్లు కట్టించిన మనిషైతే ఈ ఒక్క ముక్క చాలు, గోడ మీద వేళ్ళతో కొట్టి చూస్తూ అరగంట గడిపేస్తారు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. 1639లో ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నం స్థలం దక్కింది చంద్రగిరి రాజుల కాలంలోనే. చెన్నైలో పనిచేసే పిల్లలుంటే ఈ మాట ఆయన చేతే చెప్పించండి, "మేమిస్తేనే మీకా ఊరు" అని కాసేపు ఏడిపిస్తారు.

శని, ఆదివారాల్లో తిరుమల వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ "ఎట్లాగూ కొండ పక్కనే ఉంది కదా" అని టికెట్ లేకుండా వెళ్ళి నాన్నను కంపార్ట్‌మెంట్‌లో గంటలకొద్దీ కూర్చోబెట్టొద్దు. శనివారం స్వామివారి వారం. అందులోనూ తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) శనివారాల్లో తమిళనాడు నుంచి జనం పోటెత్తుతారు. 65 ఏళ్ళు నిండిన వాళ్ళకు టీటీడీ విడిగా దర్శనం కోటా ఆన్‌లైన్లో వదులుతుంది. దానికి వెంట ఎవరు వెళ్ళొచ్చు, ఏ గుర్తింపు కార్డు కావాలి అన్నది టీటీడీ వెబ్‌సైట్లో చూసుకుని బుక్ చేయండి.

అసలు దర్శనం ఊసే లేకుండా కొండమీద ఒక పూట గడపొచ్చని చాలామందికి తట్టదు. శిలాతోరణం దగ్గరికి వెళ్ళండి. ప్రకృతి సహజంగా ఏర్పడిన రాతి కమాను అది. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట భూగర్భ శాఖ వాళ్ళ బోర్డు కూడా ఉంటుంది. అక్కడి కొండలో కింది రాతి పొరకూ, దాని మీద కూర్చున్న పొరకూ వయసులో దాదాపు 50 కోట్ల ఏళ్ళ తేడా ఉందని చెబుతారు. మనం ఇన్నేళ్ళుగా ఆ మలుపులో వాంతి కవరు వెతుక్కుంటూ వెళ్ళిపోయాం.

రోడ్డు కథ నాన్ననే అడగండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ప్లాను. రెండోది 1974లో. అప్పటిదాకా ఎక్కే బస్సూ దిగే బస్సూ ఆ ఒక్క దారిలోనే. చిన్నప్పుడు ఆ దారిలో వెళ్ళిన వాళ్ళైతే ఎదురుగా బస్సొచ్చినప్పుడు ఎట్లా ఉండేదో కళ్ళకు కట్టినట్టు చెబుతారు.

నాన్నకు మోకాళ్ళ నొప్పులు. అయినా కొండకు నడిచే వస్తానంటున్నారు?

ముందు డాక్టరును అడగండి. బీపీ, గుండె సంబంధమైన మందులు వాడుతుంటే మరీను. డాక్టరు సరేనంటే దారి ఎంచుకోవడం దగ్గర జాగ్రత్తపడాలి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకే, మెట్లూ తక్కువే, అందుకే "చిన్న దారి" అని అటు వెళ్తారు. కానీ అది నిటారుగా ఎక్కుతూనే ఉంటుంది. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలాదూరం చదునుగా నడవొచ్చు, జింకల్ని చూస్తూ ఊపిరి తీసుకోవచ్చు. కాకపోతే చివర్లో మోకాళ్ళ మెట్టు ఉంటుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

వయసైన వాళ్ళతో తెల్లవారుజామున మొదలుపెట్టండి. లగేజీ కింద కౌంటరులో ఇచ్చేస్తే పైకి చేరుస్తారు. మీరు ముందు పరుగెత్తి పైన నిలబడి "రా నాన్నా" అని పిలవొద్దు, రెండు మెట్లు వెనకే నడవండి. వేగం ఆయనది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక పిల్లలతో నడవడానికి టైము కట్టడి పెట్టారు. మనవళ్ళు కూడా వస్తుంటే ఆ రోజు నిబంధన ఏమిటో కనుక్కుని బయల్దేరండి.

ఎక్కాక మోకాళ్ళు పట్టేస్తే "పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరి" అని ఆయనే అంటారు. అది ఎముక విరిగినప్పటి మాట, ఈ నొప్పికి కాదు అని చెప్పి చూడండి. వింటారని నేను హామీ ఇవ్వను.

పిల్లలూ తాతా ఇద్దరూ సరదాపడే చోటు?

ఊళ్ళోనే అయితే ఎస్వీ జూపార్కు, అలిపిరి దగ్గర సైన్స్ సెంటరు. జూ చాలా పెద్దది, అంతా నడిపించొద్దు. సైన్స్ సెంటరులో తాతల్ని బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోతుంటారు. అట్లా చేయకండి. ఎలక్ట్రికల్ పని తెలిసిన తాతో, లెక్కల మాస్టారు తాతో ఉంటే అక్కడి గైడు కంటే ఆయనే బాగా చెబుతారు.

ఊరు దాటి వెళ్ళగలిగితే శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం దగ్గర్నుంచి చూడ్డానికి ఇస్రో వాళ్ళ గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. ప్రయోగం తేదీ మారడం మామూలే కాబట్టి పిల్లలకు గట్టిగా మాటివ్వకండి. చలికాలంలో అయితే రాకెట్ లేకపోయినా నష్టం లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, అటూ ఇటూ నీళ్ళలో ఫ్లెమింగోలు. దగ్గర్లోనే నేలపట్టులో చెట్ల నిండా గూడబాతులు. 1980లో ఎస్సెల్వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన రోజు రేడియోలో విన్న నాన్నలు ఇంకా ఉన్నారు. 2023లో చంద్రయాన్-3ని ఫోన్లో చూసిన మనవడి పక్కన ఆయన్ని నిలబెట్టి, మీరు కాస్త పక్కకు జరగండి.

తలకోనకు ఎప్పుడు వెళ్ళాలి?

వానలు పడ్డాక. అక్టోబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది. ఎండాకాలంలో వెళ్ళి "ఇంతేనా నీళ్ళు" అనుకోవద్దు. 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం, రాష్ట్రంలో ఇదే ఎత్తైనదని పేరు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెళ్ళాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా అందరూ వెళ్ళగలరు. అక్కడి నుంచి జలపాతం దాకా రాళ్ళ మీద, మెట్ల మీద నడక, తడిస్తే జారుతుంది. అడవిలో ఏనుగు తొండమంత లావు గిల్లతీగ చెట్ల మీదుగా పాకి ఉంటుంది, దాన్ని చూడకుండా రావద్దు. కోతులున్నాయి, చేతిలో కవరు కనిపిస్తే వదలవు. నీళ్ళలో లోతుకు దిగొద్దు, నాన్నకు ఈత బాగా వచ్చినా సరే. బావిలో నేర్చిన ఈత ఆ రాళ్ళ మధ్య పనికిరాదు.

పలమనేరు, కుప్పం దారిలోని కైగల్ జలపాతం దీనికంటే చిన్నది, వెళ్ళడం సులువు. అది ఏనుగులు తిరిగే అడవి, చీకటి పడకముందే రోడ్డెక్కేయండి.

మా నాన్నకు దేవుడంటే నమ్మకం లేదు. ఈ చుట్టుపక్కల గుళ్ళు తప్ప ఏముంది?

ఇది చాలామంది మొహమాటంగా అడిగే ప్రశ్న. గుడిమల్లం తీసుకెళ్ళండి. అదీ గుడే, అయినా మాటకు కట్టుబడి ఉంటాను. ఏర్పేడు దగ్గర పల్లెటూరు, పురావస్తు శాఖ చూసుకునే పరశురామేశ్వరాలయం. ఐదడుగుల లింగం మీద యక్షుడి భుజాలపై నిలబడ్డ శివుడు, ఒక చేతిలో పొట్టేలు, భుజాన గండ్రగొడ్డలి. క్రీస్తుకు పూర్వపుదని చాలామంది చరిత్రకారులు చెబుతారు. నమ్మకం లేని మనిషి కూడా ఆ చెక్కడం ముందు కాసేపు నోరెత్తడు. రద్దీ దాదాపు ఉండదు, తొందరపెట్టి తోసేవాళ్ళూ ఉండరు.

అటు నుంచి శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ పని చూడండి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు, చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియబెట్టిన నల్లరంగుతో గీతలు దిద్దుతారు. కలం అంటే వెదురుపుల్ల కొసకు గుడ్డపేలిక చుట్టి దారం కట్టినది. వేలు నొక్కే కొద్దీ రంగు దిగుతుంది. ఎడమచేతి కింద బట్ట ముడత పడకుండా, కుడిచేత్తో ఆ గీత వణక్కుండా లాగుతుంటే పక్కన కూర్చున్న నాన్న ఊపిరి బిగపట్టి చూస్తారు.

మదనపల్లె వైపు అయితే హార్స్‌లీ హిల్స్, 4,000 అడుగుల పైన, ఎండాకాలం సాయంత్రం కూడా శాలువా అడిగే చోటు. దారిలో మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే.

చిత్తూరు నుంచి బయల్దేరే వాళ్ళకు?

కాణిపాకం 11, 12 కిలోమీటర్లే, పొద్దున వెళ్ళి టిఫిన్ టైముకు ఇంటికొచ్చేయొచ్చు. అరగొండ దగ్గర అర్ధగిరి ఆంజనేయస్వామి కొండ ఉంది. పౌర్ణమి నాడు మాత్రం జనం ఎక్కువ. నాన్నకు మందులున్నా "ఇక్కడి కోనేటి నీళ్ళే మందు, మాత్రలెందుకు" అంటే ఒప్పుకోవద్దు, నీళ్ళు తాగనివ్వండి, మాత్ర కూడా వేయండి.

మే చివరి నుంచి జూలై దాకా మామిడి కాలం. తోటల్లోకి వెళ్ళే అవకాశముంటే అంతకంటే మంచి షికారు నాకైతే కనిపించదు. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, ధర ఎంత పలుకుతోందో నాన్న ప్రతి ట్రాక్టరునూ ఆపి అడుగుతారు. ఆపనివ్వండి.

ఎండాకాలంలో పగలు ఎక్కడికీ కదల్లేం. అప్పుడెట్లా?

రాత్రి వెళ్ళండి, భారతానికి. పుత్తూరు, నగరి, చంద్రగిరి వైపు ఊళ్ళలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జున తపస్సు రోజు అర్జునుడి వేషగాడు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి కిందికి వేస్తుంటే జనం ఎగబడి పట్టుకుంటారు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిచీరలతో మాను కింద సాష్టాంగం పడి ఉంటారు. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. మట్టితో నేలమీద పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి ఉంటారు, భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ చుట్టూ పరుగులు పెడతారు, చివరికి తొడ మీద గద దెబ్బ. సాయంత్రం అగ్నిగుండం.

ఇక్కడ నాన్నలకు మీ సాయం అక్కర్లేదు. వాళ్ళ చిన్నప్పుడు ఏ ఊరి భీముడు బాగా ఆడేవాడో, ఎవరి పద్యానికి ఈలలు పడేవో వాళ్ళకే తెలుసు. చాప, దుప్పటి, ఫ్లాస్కులో టీ తీసుకుని వెళ్ళండి. తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు జరుగుతుంది. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలతో వీధులు నిండిపోతాయి. మీ నాన్న తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషైతే చిన్నప్పుడు ఆడవేషం వేసి ఉండొచ్చు. అడగండి, ముందు కాదంటారు, అమ్మ నవ్వగానే దొరికిపోతారు.

కారు ఎవరు నడపాలి?

ఘాట్ రోడ్డూ, హైవే మీరు. ఊళ్ళో, పొలం దారుల్లో ఆయన. ఫోన్లో మ్యాపు ఒకవైపు చెబుతుంటే ఆయన ఇంకోవైపు చెప్పారనుకోండి, ప్రాణాలమీదికొచ్చే పని కాకపోతే ఆయన చెప్పిన దారే పట్టండి. పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. బస్సు అయితే అరవై నిండిన వాళ్ళకు ఆర్టీసీలో టికెట్ మీద 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు ఆయన జేబులోనే ఉండనివ్వండి. కండక్టరుకు చూపించేటప్పుడు ఆ దర్జా వేరు.

తిండి సంగతి?

షుగరు ఉన్న వాళ్ళకు దర్శనం క్యూ కంటే టైముకు తిండే ముఖ్యం. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే టెన్షన్ ఉండదు. బయట తినాలంటే రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) దొరికే చోటు ఏదో ఆయన్నే అడగండి. అక్టోబరు, నవంబరులో కొండల దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాలు తట్టల్లో పెట్టి అమ్ముతారు. కాయ నొక్కి చూసి ఏరే పని ఆయనది, మీరు డిక్కీ తెరవండి.

బిల్లు ఎవరు కట్టాలి?

పెద్ద ఖర్చులు మీరు ముందే ఆన్‌లైన్లో కట్టేయండి. టీ, అరటిపండ్లు, పార్కింగు ఆయన. చిల్లర నోట్లు ముందే జేబులో పెట్టుకుని వస్తారు చూడండి.

మా ఇద్దరికీ మాటలే ఉండవు. కారులో రెండు గంటలు ఏం మాట్లాడాలి?

"ఎట్లా ఉన్నావు నాన్నా" అంటే "బాగున్నా" అని ఆగిపోతుంది. "ఈ రోడ్డు డబుల్ అయింది ఎప్పుడు?", "నీ మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నావు?", "తాత మనల్ని చిత్తూరు నుంచి ఇక్కడికెందుకు మార్చాడు?" అని అడగండి. ఎదురెదురుగా కూర్చుంటే మాట రాని వాళ్ళు పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తూ చాలా చెబుతారు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. పాత పాటలు పెట్టండి, ఏ పాట ఎవరు పాడారో ఆయన సరిదిద్దేదాకా ఆగండి.

పెళ్ళి, ఉద్యోగం మార్చడం, ఇల్లు అమ్మడం లాంటివి మాత్రం వెళ్ళేటప్పుడు ఎత్తకండి. ఎత్తాల్సొస్తే తిరుగు ప్రయాణంలో, అదీ భోజనం అయ్యాక.

అమ్మను కూడా తీసుకెళ్ళాలా?

ఎక్కువసార్లు తీసుకెళ్ళండి. అప్పుడప్పుడు మాత్రం నాన్నా మీరూ ఇద్దరే వెళ్ళండి. అమ్మ పక్కనుంటే ఆయన సగం కథలు అమ్మే చెప్పేస్తుంది. అమ్మకూ ఒక పూట విశ్రాంతి దొరుకుతుంది, అది ఆవిడ బయటికి చెప్పదు.

నేను కూతుర్ని. పుట్టింటికి వచ్చేదే ఒకటి రెండు రోజులు, అవీ చుట్టాలతోనే అయిపోతాయి?

పొద్దున పాలప్యాకెట్టుకో, రైతుబజారుకో నాన్న వెళ్ళేటప్పుడు సంచి తీసుకుని మీరూ బయల్దేరండి. చుట్టాలు లేచేలోగా ఇంట్లో ఉంటారు. ఆ దారిలో ఆయన స్నేహితులు ఎదురైనప్పుడు "మా అమ్మాయి" అని పరిచయం చేయడానికి ఆయన కావాలనే రెండు వీధులు చుట్టూ తిప్పుతారు.

అంతా ప్లాన్ చేసుకున్నాక వాన మొదలైతే?

నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం హెచ్చరిక ఉంటే పంతానికి పోవద్దు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరుల్లా పారాయి, నడకదారులూ దెబ్బతిన్నాయి. ఇంట్లోనే ఉండి బీరువాలో పాస్‌బుక్కులు, ఇన్సూరెన్సు కాగితాలు, పాత ఫోటోలు బయటికి తీయించండి. ఏ సర్వే నంబరు ఎక్కడుందో, హద్దు రాయి ఎవరి చేను వైపుందో ఆయన చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. వాన కాస్త తెరిపిచ్చాక బజ్జీలకు ఆయన్నే పంపండి. ఏ బండి దగ్గర నూనె మంచిదో ఆ వీధిలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలీదు.